రెప్ప వాల్చిన అచ్చర

దేవతకు, మనిషికి భేదం ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నకు భారతం చాల తేలికగా అర్థమయ్యే సమాధానం చెప్పినది. దమయంతీ స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపం ధరించి నలుని సరసనే నిలిచినారు. ఐదుగురు నలులలో తనవాడెవడో కన్యకు తెలియలేదు. ఆమె ఆ దేవతలనే శరణు వేడినది. వారు కరుణించి తమ చిహ్నాలను బయటపెట్టినారు. నలుగురికి రెప్పపాటు లేదు, మేన చెమట లేదు, మెడలో దండ వాడలేదు, పాదం నేల తాకలేదు. ఒక్కనికి మాత్రం కనురెప్పలు ఆడుతున్నవి, నుదుట చెమట పట్టినది, దండ వాడినది, కాళ్ళకు దుమ్ము అంటినది, వెనుక నీడ పడుతున్నది. దమయంతి ఆ దుమ్మునూ ఆ చెమటనూ వరించినది. స్వర్గాధిపతి ఎదుట నిలిచి ఉండగా వాడిన పూలదండను ఎన్నుకొన్నది.

ఆమె మానవకాంత; మానవుని కోరుట సహజమే అనవచ్చు. కాని అమృతం త్రాగిన కులంలో పుట్టిన స్త్రీ, ముసలితనమూ మరణమూ ఎరుగని స్త్రీ, ఒక మర్త్యుని కొరకు తన అమరత్వాన్ని వదలుకొన్న కథ మనకు ఉన్నదా? ప్రపంచ సాహిత్యంలో ఈ కథకు గొప్ప ప్రశస్తి ఉన్నది. మన వాఙ్మయంలో దానిని వెదకిన వారికి మొదట నిరాశే కలుగుతుంది. ఊర్వశి పురూరవుని వద్దకు వచ్చినది. ఋగ్వేద సంవాదంలో అతడు ఎంత ప్రాధేయపడినా నిలువక వెళ్ళిపోయినది. కాళిదాసు ఆమెను భరతముని శాపంతో భూమికి దింపినాడు. చివరకు ఆ రాజు జీవించినంత కాలం అతనితో ఉండుటకు ఇంద్రుని అనుమతి తెచ్చిపెట్టినాడు. అది సెలవు వంటిది, త్యాగమని చెప్పరాదు. మేనక ఇంద్రుడు పంపగా వచ్చినది, పని ముగియగానే బిడ్డను అడవిలో విడిచి వెళ్ళినది. గంగ శంతనుని ఇంటికి షరతుతో వచ్చి, షరతు భంగమైన నాడు వెళ్ళినది. వచ్చిన వారందరికీ తిరుగుదారి ఉన్నది. వారి రాకకు కారణం శాపమో, ఆజ్ఞో, నియమమో అయినది.

ఐతే ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు రాయలసీమలోనే, కడప కర్నూలు సీమల మట్టిలోనే దొరుకుతున్నవి. ఒకటి కావ్యంలో ఉన్నది. రెండవది కొండలో ఉన్నది.

కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో కోకటం అనే గ్రామం ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు ఇచ్చిన అగ్రహారాలలో అది ప్రసిద్ధమైనది. ఆంధ్రకవితాపితామహుడని పేరుపొందిన ఆ మహాకవి మార్కండేయ పురాణంలోని చిన్న కథను తీసుకొని మనుచరిత్రమనే ప్రబంధంగా పెంచినాడు. కథ అందరూ ఎరిగినదే. అరుణాస్పదపురంలో ప్రవరుడనే గృహస్థు నిత్యాగ్నిహోత్రి. ఒక సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి పోయి, మంచులో లేపం కరిగిపోగా తిరిగిరాలేక చిక్కుకొన్నాడు. అక్కడ వరూధిని అనే అప్సరస అతనిని చూచి మోహించినది. అతడు ఒప్పుకొనలేదు. అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరినాడు. అంతకు పూర్వం ఆమె తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపం ధరించి ఆమెను వంచించినాడు. వారికి పుట్టినవాడు స్వరోచి.

తరగతి గదిలో ఈ ఘట్టానికి ఒక అలవాటైన తాత్పర్యం ఉన్నది. ప్రవరుడు నిగ్రహానికి నిలువెత్తు రూపం. వరూధిని చాపల్యానికి ప్రతిమ. పరీక్షలో ఈ రెండు వాక్యాలు వ్రాసిన విద్యార్థికి మార్కులు దక్కుతవి. కాని ఆ ఇద్దరూ తొలిసారి ఎదురుపడిన చోట పెద్దన వ్రాసిన ఒక చిన్న పద్యాన్ని ఉపాధ్యాయులు కొంచెం నిలిచి చదివితే ఈ తాత్పర్యం సరిపోదని తెలుస్తుంది. ఆ పద్యంలో కవి చెప్పినది ఇది: ప్రవరుని చూచిన క్షణంలో వరూధిని కన్నులకు అంతవరకు లేని రెప్పపాటు వచ్చినది. చెమట ఎరుగని మేనికి క్రొత్తగా చెమట పట్టినది. దేవతలకు సహజమైన తెలివి పోయి భ్రాంతి క్రమ్మినది. మనుష్యుని తలచుట చేతనే ఆమెలో మనుష్యత్వం తోచినది. దీనికి కవి భ్రమరకీట న్యాయాన్ని ఉపమానంగా తెచ్చినాడు. తుమ్మెదను ఎడతెగక తలచిన పురుగు తానే తుమ్మెద అవుతుందని గదా ఆ న్యాయం. వేదాంతులు దానిని జీవుడు బ్రహ్మమగుటకు దృష్టాంతంగా వాడుతారు. పెద్దన దానిని తలక్రిందులు చేసినాడు. ఇక్కడ పైనున్న దేవత క్రిందనున్న మానవుని ధ్యానించి మానవి అగుచున్నది.

దమయంతి నలుని గుర్తుపట్టిన చిహ్నాలూ ఇవే. అక్కడ దేవతలకు లేనివీ నలునికి ఉన్నవీ అయిన రెప్పపాటు, చెమట ఇక్కడ ఒక దేవతకు సంక్రమించినవి. భారతం తెలిసిన పాఠకుడు ఈ సంవాదాన్ని గమనించకపోడు.

ఇంకొక విశేషం మన భాషలోనే ఉన్నది. నిమేషమంటే రెప్పపాటు. దేవతలు అనిమేషులు. మనం గడియారం చూచి చెప్పే నిమిషం ఆ నిమేషం నుండి వచ్చిన మాటయే. తెలుగులో రెప్పపాటు కాలమన్నా అదే అర్థం. రెప్ప వాల్చనివానికి కాలం లేదు. రెప్ప వాలిన మరుక్షణం నుండి కాలం మొదలవుతుంది. కాలం మొదలైన చోట వేచియుండుట ఉన్నది, ఆశ ఉన్నది, ఆలస్యం ఉన్నది, అంతం ఉన్నది. పెద్దన వరూధిని చేత రెప్ప వేయించినప్పుడు ఆమెను కాలంలోకి దింపినాడు. అమరకాంత ఒక మనిషిని ప్రేమించి మర్త్యలోకపు వాకిట అడుగుపెట్టుట తెలుగు కావ్యాలలో ఇంత సూక్ష్మంగా, ఇంత తక్కువ మాటలలో మరెక్కడ చెప్పబడినది?

ఐనను వరూధిని వాకిట అడుగుపెట్టినదే గాని ఇంటిలోనికి రాలేదు. ఆమె వాదాన్ని పరిశీలించితే ఈ సంగతి స్పష్టమవుతుంది. యజ్ఞాలు చేయుట స్వర్గసుఖం కొరకే గదా, ఆ సుఖమే నీ ఎదుట వచ్చి నిలువగా ఇంకను అగ్నిహోత్రమెందుకు, అన్నది ఆమె తర్కం. అంటే ప్రవరుడు తన లోకాన్ని విడిచి ఆమె లోకంలోనికి రావలెను. ఆమె అరుణాస్పదపురానికి వస్తానన్నది లేదు. అతని ఇంటిలో ముసలి తల్లిదండ్రులున్నారు, ఇల్లాలున్నది, వేళకు వచ్చే అతిథులున్నారు, ఆరనీయరాని నిప్పున్నది. దేహం మానుషత్వాన్ని పొందినది. కోరిక మాత్రం ఇంకా స్వర్గపు భాషే మాట్లాడినది. ఆమె విషాదానికి మూలం ఇక్కడ ఉన్నది.

గ్రీకు మహాకవి హోమరు ఓడిసీలోనూ ఇటువంటి సన్నివేశం కలదు. కాలిప్సో అనే దేవకాంత తన ద్వీపంలో చిక్కిన ఓడిసియస్‌కు అమరత్వాన్నే ఇస్తానన్నది. అతడు ఆమె సౌందర్యాన్ని ఒప్పుకొన్నాడు. తన భార్య పెనెలొపి రూపంలో ఆమెకు సాటిరాదనీ, ఆమె మరణించే మనిషేననీ ఒప్పుకొన్నాడు. అయినా ఇంటికే పోతానన్నాడు. ప్రవరునికీ అతనికీ పోలిక స్పష్టం. మర్త్యుని పైకి లాగబోయిన దేవకాంతకు రెండు దేశాలలోనూ దక్కినది ఒంటరితనమే. వరూధినికి అదనంగా వంచన కూడ దక్కినది. ఆమె ఎవని కొరకు రెప్ప వాల్చినదో అతడు రాలేదు. అతని వేషం వేసికొన్నవాడు వచ్చినాడు.

వేషం అన్నమాట ఇక్కడ ముఖ్యమైనది. నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు అంకితమైన కళాపూర్ణోదయంలో పింగళి సూరన ఇదే సమస్యను మరొక వైపు నుండి చూచినాడు. అందులో కలభాషిణి మానవకాంత. నలకూబరుడనే దేవకుమారుని కోరినది. ఆమె రంభ రూపం ధరించి తన కోరిక తీర్చుకోబోయినది. తీరా ఆమెకు లభించినవాడు నలకూబరుని రూపం ధరించిన మణికంధరుడు. రూపం మార్చుకొన్న ప్రేమకు మరొక మారురూపమే ఎదురైనది. రాయలసీమతో సంబంధమున్న ఈ ఇద్దరు మహాకవులు చెప్పిన దానిని కలిపి చూస్తే ఒక సూత్రం ఏర్పడుతున్నది: మర్త్యామర్త్యుల నడుమనున్న అగడ్తను వేషంతో దాటరాదు. దాటవలెనంటే పుట్టవలెను.

అట్లా పుట్టిన దేవత కథ నల్లమలలో ఉన్నది.

ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనిదై, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన అహోబిలం నవనారసింహ క్షేత్రం. ఎర్రన తన నృసింహపురాణాన్ని అంకితమిచ్చినది ఈ స్వామికే. హిరణ్యకశిపుని వధించిన తరువాత స్వామి ఉగ్రం చల్లారని సంగతి భాగవతంలోనూ ఉన్నది. దేవతలు లక్ష్మీదేవిని పంపినారు. ఎన్నడూ చూడని ఆ రూపాన్ని చూచి ఆమె భయపడి దగ్గరకు పోలేదు. చివరకు బాలుడైన ప్రహ్లాదుడు పోయి పాదాలపై వ్రాలినాడు. భాగవతం అక్కడ ప్రహ్లాద స్తుతిలోనికి మళ్ళినది. లక్ష్మి ఏమైనది, భర్తను సమీపింపలేని ఆమె దుఃఖం ఏమైనది అని అడుగలేదు.

అడిగినది అహోబిలపు కొండ. ఆ క్షేత్రంలో చెప్పుకొనే కథలో స్వామి ఉగ్రరూపంతోనే నల్లమల అడవులలో తిరుగుతుండగా, లక్ష్మి చెంచుల గూడెంలో ఆడపిల్లగా పుట్టినది. ఆమెను చూచి స్వామి శాంతించినాడు, ఆమెను కోరినాడు. చెంచులు తమ పిల్లను ఊరకనే ఈయలేదు. తేనె తెమ్మన్నారు, గడ్డలు త్రవ్వి తెమ్మన్నారు. అడవి బ్రతుకు బ్రతుకగలవా అని పరీక్షించినారు. స్వామి వాటికి లోబడి పెండ్లి చేసికొన్నాడు. ఆమె చెంచులక్ష్మి అయినది.

ఈ కథలోని ఔచిత్యం ఆలోచించదగినది. వైకుంఠంలో పుట్టిపెరిగిన రాణి సింహాన్ని చూచి వెనుకకు తగ్గుట సహజం. పులుల నడుమ పుట్టి, వాటి అడుగుజాడలు చూచి దారి నడిచే చెంచుపిల్లకు సింహం క్రొత్తదేమి? లక్ష్మిగా చేరలేని చోటికి ఆమె మానవిగా చేరగలిగినది. కాబట్టి ఇక్కడ దివ్యత్వాన్ని విడుచుట అలంకారంగా చెప్పిన త్యాగం కాదు. ప్రియుని చేరుటకు అదొక్కటే దారి. అందుకొరకు ఆమె ఆకలి గల దేహాన్ని తీసికొన్నది. కాలిలో ముల్లు విరిగే అడవిలో పుట్టినది. ఎండకాలంలో సెలయేరు ఎండితే నీటి కొరకు తిరిగే గూడెంలో పెరిగినది. వరూధిని దేహానికి క్షణకాలం పట్టిన చెమట, ఈమెకు నిత్యజీవితం.

ఈ కథకు పండితులు కూడ తలవంచినారు. అహోబిల మఠానికి ఏడవ పీఠాధిపతియైన శఠకోప యతీంద్రులు వాసంతికా పరిణయమనే సంస్కృత నాటకంలో స్వామి చెంచుకన్యను వివాహమాడిన వృత్తాంతాన్నే ఇతివృత్తంగా గ్రహించినారు. ఓబయమంత్రి గరుడాచల యక్షగానం ఈ కథను పాడించినది. 1943లో ఒకసారి, 1958లో మరియొకసారి చెంచులక్ష్మి పేరుతో తెలుగు చలనచిత్రాలు వెలువడినవి. ఈ చెప్పుడులలో భేదాలు లేకపోలేదు. కొన్నిటిలో చెంచిత లక్ష్మి అవతారం. కొన్నిటిలో ఆమె వేరు, ఆదిలక్ష్మి వేరు. ఇద్దరు సవతులకు వాగ్వాదం కూడ జరుగుతుంది.

ఈ భేదాన్ని దాటవేయుట న్యాయం కాదు. చెంచుపిల్ల లక్ష్మియే అని చెప్పినప్పుడు గూడెపు ఆడపడుచుకు గౌరవం పెరిగిందా, లేక ఆమెను గూడెం నుండి తీసి వైకుంఠంలో చేర్చినట్లయిందా? దేవతకు మాత్రమే దేవుడు తగునని తలచినవారు ఆమెకు పూర్వజన్మను కల్పించి ఉండవచ్చు. చెంచులకు ఆ అవసరం లేదు. తమ పిల్లను ఇచ్చినారు; కనుక స్వామి తమకు అల్లుడు. ఈ బంధుత్వానికి శాస్త్రప్రమాణం అక్కరలేదు. సవతుల వాగ్వాదాన్ని నిలుపుకొన్న యక్షగానాలు, తెలిసియో తెలియకయో, చెంచిత స్వతంత్రతను కాపాడినవి. ఏ చెప్పుడును నమ్మినా ఒక మాట మాత్రం మారదు. అమరత్వం గలవారే వంగవలసి వచ్చినది: ఒక చెప్పుడులో లక్ష్మి గూడెంలో పుట్టినది, మరొక చెప్పుడులో నరసింహుడు గూడెం ముందు గడ్డలతో నిలబడినాడు.

కన్యాశుల్కం ప్రసక్తి వచ్చినది గనుక పాశ్చాత్య దేశపు కథ ఒకటి ఇక్కడ చెప్పుట అప్రస్తుతం కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన టోల్కీన్ సృష్టించిన కల్పిత పురాణంలో ఎల్ఫులనే జాతి ఉన్నది. వారికి వార్ధక్యం లేదు, రోగంతో చావు లేదు. లోకమున్నంత కాలం ఉంటారు. వారి రాజు థింగోల్ కూతురు లూథియన్ బెరెన్ అనే మానవుని ప్రేమించినది. రాజు అడిగిన శుల్కం అసాధ్యం: దుష్టశక్తికి ప్రభువైన మోర్గోత్ కిరీటంలోని మణి. బెరెన్ దానిని సాధించియు చివరకు మరణించినాడు. లూథియన్ మృతుల అధిపతి ఎదుట నిలిచి పాడినది. ఎన్నడూ కరుగని ఆ మనస్సు కరిగినది. ఆమెకు రెండు దారులు చూపబడినవి. దేవలోకంలో దుఃఖం లేకుండ ఉండుట ఒకటి. బెరెన్‌తో భూమికి తిరిగివచ్చి, కొంతకాలం జీవించి, నిజంగా మరణించుట రెండవది. ఆమె రెండవదే కోరినది. 1954, 1955 సంవత్సరాలలో వెలువడిన ఆయన మహాగ్రంథంలో ఆర్వెన్ అనే రాకుమారి తిరిగి ఇదే దారి నడిచినది. మరణం మానవులకు లభించిన వరమన్నది ఆ పురాణంలోని విచిత్రమైన భావన.

ఆ కథకు మూలం గ్రంథాలలో లేదు. 1917లో యుద్ధరంగం నుండి జబ్బుతో తిరిగివచ్చిన టోల్కీన్ ఎదుట, యార్క్‌షైరు ప్రాంతపు ఒక వనంలో, ఆయన భార్య ఎడిత్ నాట్యం చేసినది. ఆ దృశ్యం లూథియన్ అయినది. 1971లో ఎడిత్ మరణించగా ఆమె సమాధిపై లూథియన్ అని చెక్కించినాడు. 1973లో ఆయన కూడ పోయిన తరువాత ఆయన పేరు క్రింద బెరెన్ అని చెక్కినారు. అమరకాంత అమరత్వాన్ని విడిచిన కథకు చివరి పుట ఆక్స్‌ఫర్డులోని ఒక శ్మశానవాటిక.

మన కథకు చివరి పుట శ్మశానం కాదు, పండుగ. ప్రతి సంవత్సరం కనుమ నాడు అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకి ఎక్కి ముప్పైకి పైగా గ్రామాలు, నలభైకి పైగా రోజులు తిరిగి, ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల నాటికి కొండ చేరుతారు. తన పెండ్లికి తానే ఊరూరా పిలుపులు చెప్పుటకు స్వామి బయలుదేరినాడని జనం అంటారు. సంక్రాంతికి పంట ఇల్లు చేరిన రోజులు. చేరని సంవత్సరాలూ ఈ సీమకు క్రొత్త కావు. పంట పండినా ఎండినా పల్లకి వస్తుంది. పెండ్లివారు ఇంటికి వచ్చి పిలుచుట బంధుమర్యాద. వైకుంఠనాథుడు ఈ మర్యాద నేర్చినది చెంచుపిల్లను పెండ్లాడిన తరువాతనే. ఈ సీమలో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుళరెడ్డి అని పిల్లలకు పేర్లు పెట్టినవారు అహోబలేశుని ఇంటివానిగా తలచినవారే. కడప పట్టణం అంచున దేవుని కడపలోనూ ఇటువంటి బంధుత్వమే ఉన్నది. వేంకటేశ్వరుడు బీబీ నాంచారమ్మను పెండ్లాడినాడు కనుక మాకు అల్లుడని ఉగాది నాడు ముస్లిములు ఆ కోవెలకు వచ్చి దర్శనం చేసికొంటారు. ఈ సీమ దేవుణ్ణి గొప్పవానిగా పొగడుటకంటె ఇంటివానిగా చేసికొనుటకే ఎక్కువ ఇష్టపడినది.

ఇక వరూధిని సంగతి. ఆమెకు పారువేట లేదు, బంధువులు లేరు, ఆమె పేరు పెట్టుకొన్న పల్లె లేదు. కావ్యం చివరి వరకు చదివినవారికి మాత్రం ఒక ఊరట కలదు. ఆమె కొడుకు స్వరోచి ప్రవరుని తేజస్సుతో పుట్టినాడు. ఆమె మనస్సులో నిలిచినది ఆ మానవుడే గదా. ఆ స్వరోచికి ఒక వనదేవత యందు పుట్టినవాడు స్వారోచిషుడు, రెండవ మనువు. మనువు పేరనే మనం మానవులమైనాము. అచ్చర కన్నులు రెప్ప వాల్చిన ఆ క్షణం లేకపోతే ఆ మనుచరిత్రము లేదు. ఆమె పొందదలచిన మానవుడు దక్కలేదు. ఆమె వంశంలో మానవులకు ప్రభువు పుట్టినాడు.

కనుక ప్రవరుని నిగ్రహాన్ని బోధించే ఉపాధ్యాయుడు ఆ చిన్న పద్యాన్ని దాటిపోకుండుట మంచిది. ప్రవరుని గొప్పతనం దాని వలన తగ్గదు. అతడు తన ఇంటి నిప్పు కొరకు స్వర్గాన్ని కాదన్నాడు. ఆమె అతని కొరకు, తాను ఎరుగకుండగనే, స్వర్గలక్షణాన్ని పోగొట్టుకొన్నది. ఇద్దరూ మర్త్యజీవితానికే ఓటు వేసినారు. పాఠం ముగిసిన తరువాత విద్యార్థిని ఒక్క ప్రశ్న అడుగవచ్చు: దేవతలు కోరి దిగివచ్చేటంత విలువ ఈ చెమటకూ ఈ ఆకలికీ ఈ చిన్న ఆయువుకూ ఎక్కడనుండి వచ్చినది? సమాధానానికి వ్యవధి ఎంత కావలెనంటే, ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషమైనా దేవతలకు లేదు.